రెండు భాగాల మధ్య చీకట్లో చంపకండి

తెలుగులో సైన్స్ ఫిక్షన్, హారర్ చిత్రాలకు రెండో భాగాలు రాస్తున్న రచయితలకు, వాటిని తీస్తున్న దర్శకులకు, నిర్మాతలకు పాలకొల్లు ప్రాంతం నుంచి ఒక ప్రేక్షకుడు రాస్తున్న బహిరంగ లేఖ.

మాన్యులారా,

ఈ లేఖలో నేను అడగదలచింది ఒక్కటే. ప్రేక్షకుడు మనసిచ్చిన పాత్రను చంపవలసి వస్తే కథలోనే, మా కళ్లెదుటే, కారణం చూపించి చంపండి. మొదటి భాగం చివరి దృశ్యానికీ రెండో భాగం టైటిల్స్‌కీ మధ్య ఉన్న ఖాళీలో చంపేసి, గోడ మీద దండ వేసిన ఫొటో ఒకటి చూపించి ముందుకు సాగిపోకండి.

తెలుగులో ఈ బెడద ఇంకా ముదరలేదు. సైన్స్ ఫిక్షన్ కథను భాగాలుగా చెప్పడం మనకు కొత్త కావడమే అందుకు కారణం. 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ ఒక్క చిత్రంగానే నిలిచిపోయింది. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ మాత్రం కథను మధ్యలో ఆపింది. దానిలో సుమతి అనే గర్భిణి పాత్ర పోషించిన నటి రెండో భాగంలో ఉండబోరని నిర్మాణ సంస్థ 2025లో ప్రకటించింది. ఎవరి కారణాలు వారికి ఉంటాయి, ఆ తగువులోకి నేను వెళ్లను. కాని ఆ ప్రకటన వెలువడిన వేళ మా ఊరి టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు వేసుకున్న మొదటి ప్రశ్న ‘అయితే సుమతిని చంపేస్తారా?’ అన్నది. నటి లేకపోతే పాత్ర చనిపోవడం ఖాయమని ప్రేక్షకుడు ముందే అనుకుంటున్నాడంటే, పరాయి సినిమాలు చూసి నేర్చుకున్న ఒక చెడ్డ అలవాటు మనదాకా వచ్చేసినట్టే. అందుకే ఈ లేఖ ఇప్పుడే రాస్తున్నాను.

ఈ విషయంలో ప్రపంచమంతటా సినిమా ప్రియులు ఇప్పటికీ మరిచిపోలేని ఉదాహరణ ‘ఏలియన్’ వరస చిత్రాలది. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన మొదటి చిత్రంలో నోస్ట్రోమో అనే సరుకు నౌకలో ఏడుగురు సిబ్బంది ఉంటారు. మనుషుల ఒంట్లో పెరిగి చీల్చుకుని బయటికి వచ్చే ఒక పరగ్రహ జీవి వాళ్లను వేటాడితే, చివరికి రిప్లీ అనే అధికారిణి, జోన్స్ అనే పిల్లి తప్ప ఎవరూ మిగలరు. 1986లో జేమ్స్ కామెరాన్ తీసిన రెండో చిత్రం మొదలయ్యేసరికి ఆవిడ దీర్ఘనిద్ర పేటికలో 57 ఏళ్లు అంతరిక్షంలో కొట్టుకుపోయి ఉంటుంది. నిడివి పెంచి తరువాత విడుదల చేసిన ప్రతిలో ఇంకో సంగతి తెలుస్తుంది: పదకొండో పుట్టినరోజుకు ఇంటికి వచ్చేస్తానని ఆవిడ మాట ఇచ్చి వచ్చిన కూతురు, తల్లి నిద్రలో ఉండగానే ముసలిదై, 66వ ఏట కన్నుమూసింది. అటువంటి తల్లికి, వలస కుటుంబాలన్నీ తుడిచిపెట్టుకుపోయిన ఒక గ్రహం మీద, గాలి గొట్టాల్లో దాక్కుని ఒంటరిగా బతికిన న్యూట్ అనే పిల్ల దొరుకుతుంది. ఆ పిల్లను రాక్షసి ఎత్తుకుపోతే, రెండు ఆయుధాలను టేపుతో కలిపి చుట్టుకుని రిప్లీ ఒక్కతే దాని గూట్లోకి దిగుతుంది. చివర్లో పిల్ల పరుగున వచ్చి ‘అమ్మా’ అని మెడ చుట్టూ చేతులు వేస్తుంది. గాయపడిన సైనికుడు హిక్స్, రెండు ముక్కలైన యంత్రమానవుడు బిషప్, ఆ తల్లీపిల్లలు, నలుగురూ నిద్ర పేటికల్లో పడుకోవడంతో చిత్రం ముగుస్తుంది. ఇక కలలు కనవచ్చునా అని పిల్ల అడిగితే, కనవచ్చునని రిప్లీ చెబుతుంది. ఈ పాత్రకు సిగర్నీ వీవర్ ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ అందుకున్నారు. రాక్షసుల సినిమాలో నటనకు అంతటి గుర్తింపు రావడం ఆ రోజుల్లో అరుదు.

1992లో మూడో చిత్రం వచ్చింది. డేవిడ్ ఫించర్‌కు దర్శకుడిగా అది తొలి చిత్రం. పేర్లు పడుతూ ఉంటాయి. పేరుకూ పేరుకూ మధ్య ఒక్కో క్షణంపాటు నౌకలో పాకుతున్న జీవి, పగులుతున్న గాజు, అంటుకున్న మంట కనిపిస్తాయి. పేర్లు పూర్తయ్యేసరికి పేటికలున్న చిన్న పడవ ఒక జైలు గ్రహం మీద కూలిపోయి, న్యూట్ పేటికలోనే నీట మునిగి, హిక్స్ ఒంట్లో దూలం దిగబడి, ఇద్దరూ చనిపోయి ఉంటారు. హిక్స్‌గా నటించిన మైకేల్ బీన్ ఆ చిత్రంలో లేరు. ఆయన ఫొటో ఒకటి కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. దండ ఒక్కటే తక్కువ.

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మేనకోడలు, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల, ఈ చిత్రాలను లాప్‌టాప్‌లో వరసగా చూసింది. రెండో చిత్రం అయిపోయాక ఆవిడ ముఖంలో ఉన్న నిబ్బరం నేను చూశాను. మూడోది మొదలైన కాసేపటికి ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసి, ‘మామయ్యా, మధ్యలో ఇంకో సినిమా ఏదైనా ఉందా?’ అని అడిగింది. లేదన్నాను. ‘మరి వీళ్లు ఎప్పుడు చచ్చిపోయారు?’ అంది. ఆ ప్రశ్నకు సమాధానం సినిమాలో ఉంది, కాని ఆవిడ అడిగింది దాని గురించి కాదని మీకూ తెలుసు.

మూడో చిత్రాన్ని పనికిమాలినదని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. న్యూట్ ఒంట్లో ఆ జీవి పిల్ల ఉందేమోనన్న అనుమానంతో, కలరా భయమని అబద్ధమాడి, శవపరీక్ష జరపమని వైద్యుణ్ణి ఒప్పించి, ఆ కోత పూర్తయ్యేదాకా రిప్లీ పక్కనే నిలబడే దృశ్యం ఈ నాలుగు దశాబ్దాల భయానక చిత్రాల్లో నాకు తెలిసినంతలో అత్యంత కఠినమైనది. కోత మనకు సరిగా చూపించరు. రంపం చప్పుడు వినిపిస్తుంది, ఆవిడ ముఖం కనిపిస్తుంది. తరువాత కొలిమిలోకి రెండు శవాలనూ జారవిడుస్తూ ఒక ఖైదీ చెప్పే చరమవాక్యాలు, సరిగ్గా అప్పుడే ఇంకోచోట ఆ జీవి పుట్టడం, ఇవన్నీ చేయి తిరిగిన పనితనమే. చివర్లో రిప్లీ తన ఒంట్లో ఉన్న జీవితో సహా కొలిమి మంటల్లోకి వెనక్కి వాలిపోవడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు, ఎందుకంటే ఆ చావుకు రెండు గంటల కథ ఉంది, ఆవిడ నిర్ణయం ఉంది. నా అభ్యంతరమంతా చావుకు ముందు ఉండవలసిన కథ గురించే. న్యూట్‌ను కాపాడటానికి రిప్లీ గూట్లోకి దిగిన ఆ అరగంటను మేము ఊపిరి బిగబట్టి చూశాం. ఆ అరగంట వృథా అయిందని తరువాతి చిత్రం టైటిల్స్‌లో చెప్పడం ముందటి చిత్రాన్ని వెనక్కి వెళ్లి పాడుచేయడమే. ఇప్పుడు 1986 నాటి ముగింపును ఎవరు చూసినా ఆ పేటికల మీద మూత పడుతున్నప్పుడు తరువాత జరగబోయేది గుర్తుకు రాకుండా చూడలేరు.

ఇలా చేయడానికి చెప్పే కారణాల్లో మొదటిది నటుల వయసు, డేట్లు. న్యూట్‌గా నటించిన కేరీ హెన్‌కు 1992 నాటికి పదహారేళ్ల వయసు వచ్చేసింది. నిద్రలో ఉన్న పిల్ల పెరగకూడదు కాబట్టి ఆవిణ్ణి వాడుకోలేరు. ఈ కారణం హాలీవుడ్‌లో చెల్లుతుందేమో గాని మా గోదావరి జిల్లాల్లో చెల్లదు. మా ఊళ్లలో తీర్థాలకూ జాతరలకూ పద్యనాటకం వేయిస్తే, ఒకే రాత్రి ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ముగ్గురు నటులు వస్తారు. మొదటి కృష్ణుడు సన్నగా ఉంటాడు, రాయబారం సీనుకొచ్చే కృష్ణుడు బొజ్జతో ఉంటాడు, గొంతులు వేరు, రాగాలాపన వేరు. నేల మీద చాపలు పరుచుకుని కూర్చున్న జనంలో ఒక్కరైనా ‘ఈయన కృష్ణుడు కాడు’ అనరు. ఏ కృష్ణుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టాలన్నదే వాళ్ల చర్చ. కిరీటం, పింఛం ఎవరి తల మీద ఉంటే ఆయనే కృష్ణుడని ఒప్పుకునే ప్రేక్షకులకు, న్యూట్‌గా ఇంకో పిల్లను చూపిస్తే అంగీకరించడం ఎంత పని? నటుణ్ణి మార్చడం మాకు నామోషీ కాదు. పాత్రను తుడిచేయడమే నామోషీ.

రెండో కారణంగా భయం గురించి చెబుతారు. హారర్ కథలో ఎవరికీ రక్షణ ఉండకూడదనీ, ఇష్టమైన పాత్రలు క్షేమంగా బయటపడతాయని ముందే తెలిస్తే కుర్చీ అంచున కూర్చోబెట్టలేమనీ వాదిస్తారు. ఇది సగం నిజం. మొదటి చిత్రంలో తారాగణం జాబితాలో మొదట ఉన్న పేరు కెప్టెన్ డాలస్‌గా నటించిన టామ్ స్కెరిట్‌ది. వీవర్ అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియదు. కథానాయకుడనుకున్న మనిషి కథ మధ్యలో గాలి గొట్టంలో మాయమైపోవడంతో హాల్లో ఉన్నవాళ్ల గుండె జారింది. అయితే ఆ గొట్టంలోకి ఆయన ఎందుకు దిగాడో మాకు తెలుసు, ఆయన చేతిలో ఏముందో తెలుసు, రెండు చుక్కలు దగ్గరవుతున్న ఆ చిన్న తెరను మేమూ చూశాం. భయం పుట్టింది అక్కడ. టైటిల్స్‌లో చనిపోయిన పాత్ర వల్ల భయం పుట్టదు, ఒక మొండితనం పుడుతుంది: ఈసారి ఎవరినీ దగ్గరికి రానివ్వకూడదన్న మొండితనం. ప్రేక్షకుడు పాత్రల మీద ప్రేమ పెంచుకోవడం మానేసిన రోజున మీ గ్రాఫిక్స్ ఎంత ఖరీదైనవైనా అతను భయపడడు.

నిద్రలో ఉన్నవారిని చంపే కథ మనకు లేదా అంటే ఉంది, అంతకన్నా ఘోరమైనదే ఉంది. యుద్ధం ముగిసి, గెలుపు పాండవుల పక్షాన నిలిచాక, అర్ధరాత్రి అశ్వత్థామ శిబిరంలోకి చొరబడి ధృష్టద్యుమ్నుణ్ణీ, ద్రౌపది అయిదుగురు కొడుకులనూ నిద్రలో ఉన్న వేళ మీదపడి చంపుతాడు. గెలిచిన యుద్ధాన్ని ఒక్క రాత్రిలో అర్థం లేనిదిగా చేసే సంఘటన అది. మూడో ‘ఏలియన్’ చిత్రం చేయదలచింది కూడా బహుశా ఇదే. కాని మహాభారతం ఆ రాత్రికి సౌప్తికమని ఒక పర్వమే కేటాయించింది. అశ్వత్థామకు ఆ ఆలోచన ఎలా తట్టిందో చెప్పింది, శిబిరం వాకిట అతనికి అడ్డుపడిందేమిటో చెప్పింది, తెల్లవారాక ద్రౌపది దుఃఖాన్నీ పంతాన్నీ చెప్పింది, హంతకుడి తల మీది మణిని తీయించేదాకా ఊరుకోలేదు. అభిమన్యుడి సంగతీ అంతే. పదమూడో రోజున పద్మవ్యూహంలో అతను పడిపోతాడని ప్రతి తెలుగువాడికీ తెలుసు, అయినా హరికథలో ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా ముసలమ్మలు కళ్లొత్తుకుంటారు. ముందే తెలిసిన చావుకు ఏడిపించగలిగిన సంప్రదాయంలో పుట్టి, తెలియని చావును చిన్న కబురుగా చెప్పి దాటేయడం మీకు తగునా?

మూడో కారణం పైకి చెప్పరు గాని అన్నిటికన్నా బలమైనది అదే. కొత్తగా వచ్చిన దర్శకుడికి పాత కథ బరువనిపిస్తుంది. ఇంకొకరు కట్టిన కుటుంబాన్ని మోయడం కన్నా పలకను తుడిచి మొదలుపెట్టడం సులువు. మూడో ‘ఏలియన్’కు నవలాకారుడు విలియం గిబ్సన్ మొదట రాసిన స్క్రిప్టులో హిక్స్, బిషప్‌లే కథను నడిపిస్తారు, దాన్ని పక్కన పెట్టారు. చాలా ఏళ్లకు, 2019లో, అదే కథను శ్రవ్యనాటకంగా చేసినప్పుడు ఆ ఇద్దరి పాత్రలకూ పాత నటులే గొంతునిచ్చారు. ఎందరో రచయితలు, ఒకరి తరువాత ఒకరుగా దర్శకులు మారి, స్క్రిప్టు పూర్తికాకుండానే షూటింగ్ మొదలైన చిత్రంలో పాత్రలను బతికించాలన్న పట్టుదల ఎవరికీ మిగలలేదనిపిస్తుంది.

మరొకరి కథను అందుకుని ముందుకు తీసుకెళ్లడమెలాగో తెలుసుకోవడానికి రాజమహేంద్రవరం గోదావరి గట్టు దాటి వెళ్లనక్కర్లేదు. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతాన్ని మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. ఆ మధ్యలో మిగిలిన ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించాడు. ఎర్రన కాలానికి రాజరాజనరేంద్రుడు పోయి సుమారు మూడు వందల ఏళ్లు. అయినా తాను రాసిన భాగాన్ని ఆ రాజుకే అంకితమిచ్చాడు. మొదట్లో నన్నయ పోకడతో సాగి, చివరికి తిక్కన పోకడలోకి చేరుకుంటాడని పండితులు చెబుతారు. రెండు పర్వాల నడుమ ఉన్న ఖాళీలో తన ప్రతిభ చూపించుకోవడానికి ఎవరినో ఒకరిని చంపేయాలని ఆయనకు తోచలేదు. (చంపితే విరాటపర్వంలో తిక్కన పాత్రలు ఏమైపోయేవో ఊహించండి!)

‘ఏలియన్’ వారు 1992 నుంచి ఏమైనా నేర్చుకున్నారా అంటే లేదు. మూడో చిత్రంలో చనిపోయిన రిప్లీని 1997లో క్లోనింగ్ చేసి తిరిగి తెచ్చారు. అడ్డదిడ్డంగా చంపేవాళ్లు అడ్డదిడ్డంగానే బతికిస్తారు. 2012 నాటి ‘ప్రొమీథియస్’లో తన కడుపులో పెరుగుతున్న జీవిని యంత్రం చేత తీయించుకుని మరీ బతికిన ఎలిజబెత్ షా, సృష్టికర్తలను వెతుక్కుంటూ బయలుదేరడంతో కథ ఆగింది. 2017లో తరువాతి చిత్రం వచ్చేసరికి ఆవిడ శవమై, ప్రయోగాలకు గురైన దేహంగా బల్ల మీద ఉంది. ఆవిడ ప్రయాణం ఏమైంది, ఏం కనుక్కుంది అన్నది ఆ చిత్రంలో దాదాపు లేదు. ఇంతకన్నా విచిత్రమైనది 2019లో జరిగింది. 1991లో జేమ్స్ కామెరానే తీసిన ‘టెర్మినేటర్ 2’ అంతా జాన్ కానర్ అనే పిల్లవాణ్ణి కాపాడటం గురించే. 2019 నాటి ‘డార్క్ ఫేట్’ మొదటి నిమిషాల్లోనే ఆ పిల్లవాణ్ణి సముద్రపు ఒడ్డున కాల్చి చంపారు. ఆ చిత్రానికి నిర్మాతల్లో ఒకరు, కథలో భాగం పంచుకున్నవారు జేమ్స్ కామెరాన్. తన న్యూట్‌కు, తన హిక్స్‌కు జరిగినదాన్ని తన చేతులతో తన జాన్‌కు చేశారు. దీనికి నా దగ్గర వివరణ లేదు.

సక్రమంగా చంపినవాళ్లూ ఉన్నారు కనుక వారినీ చెప్పాలి. 2018లో వచ్చిన ‘ఎ క్వయట్ ప్లేస్’లో చప్పుడు వింటే చంపే జీవుల నడుమ, మాట వినిపించని కూతురితో మనసు విప్పలేకపోయిన ఒక తండ్రి, చివర్లో పిల్లల్ని తప్పించడానికి గట్టిగా అరిచి తన మీదికి రప్పించుకుంటాడు. సినిమా అంతా గొంతు నొక్కిపెట్టుకున్న మనిషి అరవడమే అతని చావు. రెండో భాగం గతకాలపు ఘట్టం ఒకటి చూపించాక కథను అదే రోజు నుంచి అందుకుంటుంది, ఆ లోటును మోస్తూనే సాగుతుంది. ఇక మన దగ్గర, మా పాలకొల్లులోనే పుట్టిన కోడి రామకృష్ణ 2009లో తీసిన ‘అరుంధతి’ని గుర్తు చేసుకోండి: జేజమ్మ చనిపోతుంది, ఆవిడ ఎముకలే ఆయుధమవుతాయి. ఆ చావు లేకపోతే తరువాతి కథే లేదు. 2015లో ఒక ప్రియమైన కథానాయకుణ్ణి నమ్మినబంటు వెన్నుపోటు పొడవడం చూసి దేశమంతా ‘ఎందుకు?’ అని 2017 దాకా అడుగుతూనే ఉంది. ‘బాహుబలి’ రెండో భాగం ఆ ఎందుకుకు సగానికి పైగా సినిమాను ఖర్చుపెట్టింది. తెలుగు ప్రేక్షకుడు చావును ఓర్చుకోలేడన్న మాట అబద్ధమని, లెక్క చెబితే రెండేళ్లు కాచుకుని కూర్చుంటాడని మీ పరిశ్రమే రుజువు చేసింది.

కాబట్టి రెండో భాగం స్క్రీన్‌ప్లే మొదటి పేజీ రాసేటప్పుడు, మొదటి భాగం చివర బతికి ఉన్నవారి పేర్లు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఎవరిని చంపినా ఆ చావుకు ఒక సన్నివేశం, అది మిగిలినవారిలో దేన్ని మార్చిందో చూపే మరికొన్ని సన్నివేశాలు ఇవ్వండి. అంత చోటు లేదంటే ఆ మనిషిని బతకనివ్వండి. ఇంకో ఊరికి పంపండి, ఉత్తరం రాయించండి, కథకు అవతల ఉంచండి, ఎవరూ మిమ్మల్ని అడగరు. దర్శకుడు మారితే ఆ కాగితాన్ని కొత్త దర్శకుడికి ఒప్పందంతో పాటు ఇవ్వండి.

నటి గాని నటుడు గాని దొరకనప్పుడు ఇంకొకరి చేత వేయించండి. సుమతి విషయంలోనూ నా విన్నపం ఇదే. ఆ పాత్ర కడుపులో మోస్తున్నది కథ మొత్తానికీ మూలం. ఆవిడ ప్రసవాన్నీ, ఆవిడ భయాన్నీ, ఆవిడ బతుకునో చావునో మాకు తెర మీద చూపించండి. ముఖం కొత్తదైతే భీమవరంలోనో అమలాపురంలోనో మార్నింగ్ షోకు వచ్చినవాళ్లు మొదటి పది నిమిషాలు గుసగుసలాడుకుంటారు, ‘పాత అమ్మాయే బాగుంది’ అని ఒకరిద్దరు గట్టిగానే అంటారు, ఇంటర్వెల్‌లో సమోసాల దగ్గర దానిమీద కాస్త వాదులాట జరుగుతుంది. ఆ తరువాత బెల్లు మోగితే అందరూ లోపలికే వస్తారు.

ఇట్లు,
మీ రెండో భాగాలకు మొదటి రోజే వచ్చే
ఒక గోదావరి జిల్లా ప్రేక్షకుడు